ఎల్‌సీ తీసుకున్నాకే లోపలికి: మా చిన్నమామ నెగెటివ్‌లతో ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి, మొదటి వారం

మా చిన్నమామ పోయి ఏడాది దాటింది. అమ్మకు ఆఖరి తమ్ముడు. తాడిపత్రిలో కరెంటు లైన్‌మన్‌గా చేరి, ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యాడు. డ్యూటీ లేని రోజున ఇంటికెళితే దొరికేవాడు కాదు. బెలుం గుహల్లోనో, గండికోటలో పెన్న లోయ అంచునో, సైకిలెక్కి ఏ ఘాట్ రోడ్డు మీదో ఉండేవాడు. గుండెజబ్బుతో ఇంట్లోనే, మంచం మీద పోయాడు.

అటక మీద ఆయన ట్రంకు పెట్టె మిగిలింది. అందులోని నెగెటివ్‌లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఏ ఫొటో ఎక్కడిదో, ఎప్పటిదో తేల్చాలి. అత్తకూ పిల్లలకూ ఒక పుస్తకంగా అచ్చు వేసి ఇవ్వాలి. ఇదీ పని. ఎంతవరకు వచ్చిందో ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను.

ఈ పని పెట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. బంధువుల్లో మామ పేరెత్తితే అందరూ ఒకటే మాట అంటారు: "వాడికి ప్రాణమంటే లెక్కలేదు." పదో రోజు భోజనాల దగ్గర కూడా అదే విన్నాను. నాకు తెలిసిన మామ అలాంటివాడు కాదు. నా చిన్నప్పుడు చింతచెట్టుకు ఉయ్యాల కడితే, ముందు తను కూర్చుని బరువంతా వేసి ఊగి చూసి, కొమ్మ మీద తాడు ఒరుసుకునే చోట గోనెపట్టా చుట్టి, ఆ తర్వాతే నన్ను ఎక్కనిచ్చాడు. ఆయన్ను ఆయన సామానుతోనే అర్థం చేసుకోవాలనిపించింది.

పెట్టె దించి మూత తీశాను. బిస్కెట్ డబ్బాల్లో చుట్టలు చుట్టిన నెగెటివ్‌లు. పల్చటి కాగితం కవర్లలో కత్తిరించిన స్ట్రిప్పులు. అట్ట ఫ్రేముల్లో రంగు స్లైడ్లు. ఒక ఇత్తడి కార్బైడ్ దీపం, తుప్పు పట్టిన కారబీనర్లు (తాడు తగిలించే ఇనుప కొక్కేలు) రెండు, గుడ్డ అట్టల నోటుబుక్కులు. కెమెరాలు కూడా ఉన్నాయి: ఒక ఆగ్ఫా క్లిక్ త్రీ, ఒక రష్యన్ జెనిత్. జెనిత్ షట్టర్ ఇంకా పడుతోంది.

జనవరి చివర

పెట్టె తెరవగానే ఒక డబ్బాలోంచి వెనిగర్ వాసన కొట్టింది. పాత ఫిల్ము చూసినవాళ్లకు ఆ వాసన తెలుసు. అప్పటి ఫిల్ముకు ఆధారం అసిటేట్. వేడికీ తేమకూ అది మెల్లగా విరిగిపోతూ అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆవిరి పక్క రీళ్లను కూడా పాడుచేస్తుంది. ఫిల్ము ముడుచుకుంటుంది, అలలు అలలుగా లేస్తుంది, చివరికి పైపూత ఊడొస్తుంది. తాడిపత్రి ఎండల్లో రేకుల కప్పు కింద అటక మీద నలభై ఏళ్లు ఉన్నాక మిగతావి బాగుండటమే గొప్ప.

అందుకని మొదటి పని వేరుచేయడం. వాసన వచ్చేవి ఒక డబ్బాలో, మూత బిగించకుండా, వేరే గదిలో పెట్టాను. మిగతావి సిలికా జెల్ సంచులతో గాలి చొరని డబ్బాల్లోకి వెళ్లాయి. వెనిగర్ పట్టిన ఫిల్మును మామూలు స్థితికి తేలేం. ఇంకా పాడుకాకముందే ఫొటో తీసుకోవడం ఒక్కటే మార్గం. కాబట్టి వరస ప్రకారం కాకుండా, పాడైపోతున్న వాటినుంచే మొదలుపెట్టాలని నిర్ణయించాను.

కొన్నింటికి బూజు పట్టింది. దీపం ముందు పెడితే సన్నటి దారాల్లా కనిపిస్తుంది. నీళ్లతో కడగాలని ఎవరికైనా చెయ్యి వెళ్తుంది, కానీ వద్దు. బూజు తిన్న జెలటిన్ నీళ్లు తగిలితే కరిగి, బొమ్మతో సహా పోతుంది. ముందు బ్లోయరుతో దుమ్ము ఊది, మెత్తటి కుంచెతో తుడిచి, అప్పటికీ పోకపోతే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నూగు రాని గుడ్డకు కొద్దిగా అద్ది, మెరిసే వైపు నుంచి తుడుస్తున్నాను. మెరవని వైపు బొమ్మ ఉండే వైపు. అక్కడ చెయ్యి ఎంత తక్కువ పెడితే అంత మంచిది.

ఫిబ్రవరి

స్టాండు తయారైంది. స్కానర్ కొందామనుకుని మానేశాను. మాక్రో లెన్సున్న కెమెరా ఉంటే, నెగెటివ్‌ను వెలుగుపలక మీద పెట్టి ఫొటో తీయడమే త్వరగా అయ్యే పని. వెడల్పాటి 120 ఫిల్మూ, సన్నటి 35 ఎంఎం ఫిల్మూ రెండూ దాని మీదే కుదురుతాయి.

వీధి చివర వడ్రంగి దగ్గర మందపాటి ప్లైవుడ్ పలక కోయించి, దానికి ఇనుప పైపు నిలబెట్టి, పైపుకు క్లాంపుతో కెమెరా తగిలించాను. కింద ఎల్ఈడీ పలక. మామూలు పలకల్లో రంగులు సరిగా రావు. సీఆర్ఐ, అంటే రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, 95 పైన ఉన్నది తీసుకోవాలి. పలక మీదే ఫిల్ము పెడితే పలక మీద దుమ్మంతా ఫొటోలో పడుతుంది కాబట్టి, రెండు చెక్కముక్కలతో ఫిల్మును కాస్త పైకి లేపాను. ఫ్రేము చుట్టూ నల్ల చార్టు ముక్క కత్తిరించి పెడితే పక్కలనుంచి వెలుగు చిమ్మదు.

కెమెరా ఫిల్ముకు సరిగ్గా సమాంతరంగా ఉందో లేదో చూడటానికి అద్దం చిట్కా ఉంది. ఫిల్ము పెట్టే చోట చిన్న అద్దం పెట్టి కెమెరాలోంచి చూస్తే, లెన్సు ప్రతిబింబం నట్టనడుమ కనిపించాలి. పక్కకు జరిగితే ఆ మేరకు కెమెరా వంగి ఉన్నట్టు. స్పిరిట్ లెవెల్ కంటే ఇదే నమ్మకం. కెమెరా అమరిక: ఎఫ్ 8, ఐఎస్ఓ 100, రా ఫైలు, రెండు సెకన్ల టైమరు. ఫ్యాను కట్టేస్తే తప్ప పదును రాదు.

ఫైళ్ల పేర్లకు ఒక పద్ధతి పెట్టుకున్నాను: ముందు రీలు నంబరు, తర్వాత ఫ్రేము నంబరు. వివరమేదైనా ఫైలు లోపలే రాస్తున్నాను, పేరులో కాదు. మూడు కాపీలు. రెండు వేర్వేరు డిస్కుల్లో, మూడోది ఊరు దాటించి అక్క ఇంట్లో.

మార్చి

120 రీళ్లు అయిపోయాయి. ఇవి ఆగ్ఫా క్లిక్ త్రీతో తీసినవి. రీలుకు 12 చదరపు ఫ్రేములు. ఆ కెమెరాలో దిద్దుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. వెలుగుంటే బొమ్మ, లేకపోతే లేదు. అందుకే ఈ రీళ్లలో గుహ లోపలి బొమ్మ ఒక్కటీ లేదు. అన్నీ గుహ నోటి దగ్గరవే.

చూడగానే గుర్తుపట్టేశాను, బెలుం. నాపరాతి పొరల మధ్య, చేల నడుమ, నేలలోకి దిగిపోయిన గుంత. ఇప్పుడు అక్కడ ఇనుప మెట్లు, రెయిలింగు, టికెట్ కౌంటరు ఉన్నాయి. ఈ ఫొటోల్లో ఏమీ లేవు. బావి మోకు ఒకటి బండకు కట్టి ఉంది, మామ దాన్ని పట్టుకుని దిగుతున్నాడు. కాళ్లకు చెప్పులు. తలకు తువ్వాలు. నడుముకు ఏమీ లేదు. చేతిలో రెండు సెల్లుల టార్చి ఒక్కటి.

ఈ రీళ్లు 1982 నుంచి 84 దాకా తీసినవి. రీళ్ల కాగితాల మీద మామ తేదీలు వేశాడు. కాలం కూడా కుదురుతుంది. బెలుం గురించి 1884లోనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ రాశాడు గానీ, లోపల ఏముందో కొలిచి చూసింది 1982-83లో హెర్బర్ట్ డేనియల్ గెబౌర్ నాయకత్వంలో వచ్చిన జర్మన్ జట్టు. గుహ పొడవు 3,229 మీటర్లని తేలింది. తాడిపత్రికి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో విదేశీయులు టేపు పట్టి కొలుస్తున్నారంటే, ఇక్కడివాళ్లం మనం చూడకపోవడమేంటని మామ బయల్దేరాడట. అమ్మ చెప్పింది.

ఈ ఫొటోలు మాత్రం బంధువుల మాటకే సాక్ష్యంగా నిలుస్తాయి. బావి మోకు, చెప్పులు, ఒక్క టార్చి. దాచను. పుస్తకంలో ఇవి కూడా ఉంటాయి.

ఏప్రిల్

ఈ నెల కెమెరా కంటే నోటుబుక్కులతోనే ఎక్కువ గడిచింది. అన్నిటికంటే విలువైనవి ఇవే.

మొదటి పేజీ మీద తేదీ 1985 మార్చి. అంతకుముందుది ఏదీ లేదు. పేజీకి నిలువు గీతలు కొట్టి, రిజిస్టరు పద్ధతిలో రాశాడు. ప్రతి నమోదూ ఒకే మాటతో మొదలవుతుంది: "ఎల్‌సీ."

కరెంటు పని తెలిసినవాళ్లకు దీని బరువు తెలుస్తుంది. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుంటాడు, లైన్ క్లియర్. ఆ ఫీడరు (ఆ లైనుకు కరెంటు) ఆపాను, నువ్వు దిగి పని అయిందని చెప్పేదాకా మళ్లీ ఇవ్వను అని అవతలి మనిషి ఇచ్చే మాట అది. తీసుకున్నవాడి పేరు, ఇచ్చినవాడి పేరు, టైము రాసుకుంటారు. ఎల్‌సీ లేకుండా ఎక్కి పోయిన లైన్‌మన్ల సంగతులు మామ నా చిన్నప్పుడు చెప్పేవాడు. చెప్పేటప్పుడు గొంతు మారేది.

ఆ పద్ధతినే ఆయన గుహకు తెచ్చాడు. ఒక నమోదు ఉన్నదున్నట్టు:

"ఎల్‌సీ: బావి కాడి రైతు. లోపలికి 10-20. సాయంత్రం 4 దాటితే మనుషుల్ని పిలవాలి. ముగ్గురం. లైట్లు తలా మూడు: కార్బైడ్, టార్చి, కొవ్వొత్తి. పెద్ద మలుపు దాటినాక పల్లం. కొవ్వొత్తి తగ్గింది. కార్బైడ్ బాగానే ఉంది. వెనక్కి. బయటికి 12-05. రైతుకు చెప్పినాము."

ఇందులో ప్రతి ముక్కకూ అర్థం ఉంది. గుహల్లోకి వెళ్లేవాళ్లు ప్రపంచమంతటా పాటించే నియమం, మనిషికి ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు వెలుగులు ఉండాలని. ఎన్ని గంటల్లో తిరిగి రావాలో బయట ఒకరికి చెప్పి వెళ్లాలన్నది రెండోది. కొవ్వొత్తి సంగతి ఇంకా సూక్ష్మం. గుహ పల్లాల్లో బొగ్గుపులుసు వాయువు చేరుతుంది, గాలి కంటే బరువు కాబట్టి. గాలిలో ఆక్సిజన్ తగ్గుతుంటే కొవ్వొత్తి ముందు కొండెక్కుతుంది. కార్బైడ్ దీపం కాల్షియం కార్బైడ్ మీద నీటిచుక్కలు పడి పుట్టే ఎసిటిలీన్‌తో వెలుగుతుంది. కొవ్వొత్తి ఆరిపోయే గాలిలో కూడా అది వెలుగుతూనే ఉంటుంది. అంటే కార్బైడ్ వెలుగును నమ్ముకుని ముందుకు పోతే, గాలి చెడిందని తెలిసేలోపు మనిషి తూలిపోవచ్చు. చేతిలో అంత మంచి దీపం పెట్టుకుని, పక్కన కొవ్వొత్తి ఎందుకు పట్టుకెళ్లాడో ఇప్పుడు అర్థమైంది. దారి చూడటానికి కార్బైడ్, గాలి చూడటానికి కొవ్వొత్తి.

"వెనక్కి" అన్న మాట ఈ పుస్తకాల్లో ఎన్నోసార్లు ఉంది. వాన వాసన వచ్చింది, వెనక్కి. జతగాడికి జ్వరం, వెనక్కి. తాడు ఒరుసుకుని తెల్లపోగు కనిపించింది, వెనక్కి. ముందుకు పోయిన రోజుల కంటే తిరిగొచ్చిన రోజుల గురించే ఎక్కువ రాశాడు. కారణం లేకుండా ఒక్కటీ లేదు.

తాడుకు వేరే పుస్తకమే ఉంది. నైలాన్ తాడు, కొన్న తేదీ, పొడవు, ఎన్నిసార్లు దిగారు, ఎక్కడ ఒరుసుకుంది, ఎక్కడ కోసేశారు. గండికోట నమోదుల్లో తాడును ఒక్క బండకు కట్టినట్టు ఎక్కడా లేదు. రెండు వేర్వేరు బండలకు కట్టి, అంచు మీద తడి గోనెసంచి. ఉయ్యాల కట్టినప్పుడు కొమ్మకు చుట్టిన గోనెపట్టా గుర్తొచ్చి, ఆ పేజీ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. చివరి పేజీలో: "1991. బయటికి బాగానే కనపడతాంది. ఐనా వద్దు. ఇంటి వాడకానికి." ఆ తాడే అత్త ఇంటి వెనక బట్టలారేసే దండెం. ఎండకు తెల్లగా పాలిపోయి ఇప్పటికీ ఉంది.

నోటుబుక్కులు కూడా ప్రతి పేజీ ఫొటో తీశాను. పుస్తకంలో ఫొటోలకు ఎంత చోటిస్తానో, ఈ పేజీలకూ అంతే ఇవ్వాలి.

మే

రంగు స్లైడ్లు పట్టాను. ఇవి ఉత్తరకాశీవి. 1985 చివర్లో మామ నెహ్రూ పర్వతారోహణ సంస్థలో బేసిక్ కోర్సు చేశాడు. 1965లో పెట్టిన సంస్థ అది. దాని శిష్యురాలు బచేంద్రీ పాల్ 1984 మే 23న ఎవరెస్టు ఎక్కింది. మన దేశంలో మొదటి మహిళ. ఆ మరుసటి ఏడాది తాడిపత్రి నుంచి ఒక లైన్‌మన్, జీతం లేని సెలవు పెట్టి, గుంతకల్లులో రైలెక్కి అక్కడికి పోయాడు.

స్లైడ్లన్నీ ఎర్రబారాయి. పాత స్లైడ్లలో మూడు రంగుపొరల్లో నీలిపచ్చ పొర త్వరగా వెలిసిపోతే, మిగిలిన గులాబీ ఎరుపే పైకి తేలుతుంది. రంగుల చానెళ్లను విడివిడిగా సర్దితే చాలావరకు తిరిగి వస్తుంది. మంచు తెల్లగా ఉండాలి, ఆ ఒక్కదాన్ని ఆధారం చేసుకుని మొదలుపెడితే మిగతా రంగులు వాటంతటవే దారికొస్తాయి. ఆకాశం దగ్గర మాత్రం నా ఊహ కలపకుండా, వచ్చినంతే ఉంచుతున్నాను.

వరస కుదిరింది. మొదట తేఖ్లా బండలు, ఉత్తరకాశీకి దగ్గర్లోనే. అక్కడ తాడు ముడులు, బండ ఎక్కడం, దిగడం. తర్వాత భుక్కి ఊరి నుంచి నడక, దోక్రియానీ బామక్ హిమానీనదం వైపు. అక్కడ ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి), క్రాంపాన్లు (బూట్లకు తగిలించే ఇనుప ముళ్లు). మంచు వాలు మీద కావాలని జారి, గొడ్డలి గుచ్చి తనను తాను ఆపుకోవడం నేర్పుతారు. ఆ పని చేస్తున్న మామ ఫొటో ఎవరో తీసిపెట్టారు. పడటం ఎలాగో నేర్చుకుంటున్న మనిషి ముఖంలో ఎంత శ్రద్ధ ఉందో చూడాలి. ఈ ఫొటో పుస్తకంలో పూర్తి పేజీకి వేస్తాను.

సైకిల్ యాత్రల రీళ్లు కూడా ఈ నెలలోనే అయిపోయాయి. కన్యాకుమారి, హంపి, శ్రీశైలం. ఎండ, చెట్టు, సైకిల్, టీ కొట్టు. ఆయనకు ఇవి ఇష్టమే గానీ, చూసేవాళ్లకు చెప్పేది తక్కువ. ఊరికి రెండు ఫొటోలు చాలు.

జూలై

జెనిత్ రీళ్లు. నలుపు తెలుపు, ఎక్కువభాగం ఓర్వో ఎన్‌పీ 22 రకం ఫిల్ము. అంచుల మీద పేరు చదవొచ్చు. గుహ లోపలి బొమ్మలు ఇక్కడున్నాయి, 1986 నుంచి.

చీకట్లో ఆయన తీసిన పద్ధతి ఫ్రేముల్లోనే కనిపిస్తుంది. కెమెరాను బండ మీద నిలబెట్టి, షట్టరును బీ మీద పెట్టి తెరిచి ఉంచి, కార్బైడ్ దీపంతో గోడల వెంబడి నడుస్తూ వెలుగు పూసుకుంటూ పోయేవాళ్లు. కదలకుండా నిలబడినవాడు స్పష్టంగా పడ్డాడు. నడిచినవాడు కనపడడు, అతని దీపం మాత్రం ఒక తెల్లటి గీతలా గోడ వెంట సాగింది. ఈ గీతల వల్లే ఆ రోజు వాళ్లు ఎటు నడిచారో కూడా తెలుస్తోంది.

ఈ నెగెటివ్‌లు ఇంట్లో కూర్చుని గుర్తుపట్టలేను. ప్రింట్లు వేయించుకుని బెలుం వెళ్లాను. ఇప్పుడది నంద్యాల జిల్లా, కొలిమిగుండ్ల మండలం. 2002లో పర్యాటకులకు తెరిచారు. దాదాపు కిలోమీటరున్నర దూరం దీపాలు పెట్టి దారి వేశారు. పైనుంచి గొట్టాలతో గాలి పంపుతారు, అయినా చెమటకు చొక్కా తడిసిపోతుంది. ఏ గాలీ పంపని రోజుల్లో, మోకాళ్ల మీద పాకుతూ, మూడు దీపాలు మోసుకుంటూ ఎలా వెళ్లారో ఊహకు అందలేదు.

పై కప్పు నుంచి వేలాడే రాతి ఆకారాలను ప్రింట్లతో సరిచూసుకుంటూ నడిచాను. మనిషి ఆయుష్షు లెక్కలో ఇవి మారవు. నీటిచుక్కతో సున్నం పేరుకుని ఒక వేలంత పెరగాలన్నా కొన్ని తరాలు పడుతుంది. కాబట్టి 1986 నాటి బొమ్మకూ ఇప్పటి కప్పుకూ తేడా ఉంటే అది మనుషులు విరగ్గొట్టినదే. గుహ లోపల కోటిలింగాలు అనే చోటి ఫ్రేములు మూడు, వూడలమర్రి అనే చోటివి కొన్ని పక్కాగా కుదిరాయి. మామ ఫొటోలో ఉండి ఇప్పుడు లేని కొసలు కూడా కొన్ని కనిపించాయి. బాధేసింది. గుహలోని పాతాళగంగ వైపు బొమ్మ ఒకటి ఉంది: ముందువాడు కొవ్వొత్తిని నేలకు దగ్గరగా పట్టుకుని దిగుతున్నాడు. నోటుబుక్కులో రాసింది బొమ్మలో చూడటం అదే మొదలు.

ఊళ్లో ఎల్‌సీ ఇచ్చిన రైతును కలిశాను. పెద్దాయన అయిపోయాడు. ప్రింటు చూసి గుర్తుపట్టాడు. "బయటికొస్తానే నా కాడికొచ్చి చెప్పందే నీళ్లు గూడా తాగేవాడు గాదు" అన్నాడు. పని అయిందని చెప్పేదాకా ఎల్‌సీ తీరదు కదా.

ఆగస్టు

చివరి బుక్కులో పత్రికల కత్తిరింపులు అతికించి ఉన్నాయి. 2014 మేలో 13 ఏళ్ల మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కిన వార్త ఉంది. ఆ అమ్మాయి బండ ఎక్కడం నేర్చింది భువనగిరి ఏకశిల మీద. అప్పటికి మామ మోకాళ్లు అరిగిపోయాయి. అయినా ఆ వేసవి తర్వాత భువనగిరి వెళ్లి, కింద నిలబడి పిల్లలు ఎక్కుతుంటే చూసొచ్చాడు. ఫోన్లో తీసిన ఫొటో నా దగ్గరే ఉంది.

ఎక్కువ పేజీలు పర్వతారోహకుడు మల్లి మస్తాన్‌బాబువి. నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘం కుర్రాడు. 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కాడు. 2015 మార్చిలో ఆండీస్‌లో, చిలీ అర్జెంటీనా సరిహద్దు కొండ మీద పోయాడు. ఏప్రిల్లో భౌతికకాయం ఊరికి వచ్చినప్పుడు మామ బస్సెక్కి అంత్యక్రియలకు వెళ్లాడు. ఇద్దరికీ పరిచయం లేదు. "మనోడు" అన్నాడట, అంతే. ఈ పేజీలు పుస్తకంలో తప్పక వేస్తాను. మామ దుఃఖం ఎవరి కోసమో కూడా మామ జీవితంలో భాగమే.

సెప్టెంబరు

పుస్తకం మొదటి ప్రూఫు అచ్చు వేయించి అత్తకు చూపించాను. ప్రతి ఫొటో కింద చోటు, ఏడాది, నోటుబుక్కులో దానికి సంబంధించిన వాక్యం. అత్త కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పింది. బావి మోకు ఫొటో దగ్గర ఆగింది. తర్వాతి పేజీలో ఎల్‌సీ నమోదు. రెండిటి మధ్య వేలు పెట్టి, "ఈడ ఒకటి లేదు నాయనా" అంది.

ఏంటని అడిగాను. అప్పుడు చెప్పింది. ఇన్నేళ్లలో మాలో ఎవరికీ తెలియని సంగతి.

1985 ఫిబ్రవరి. అత్త కడుపుతో ఉంది, ఆరో నెల. మామ ఒక్కడే బెలుం వెళ్లాడు. ఎవరికీ చెప్పలేదు. లోపల టార్చి బల్బు పోయింది. రెండో వెలుగు లేదు. తడుముకుంటూ నడిస్తే ఇంకా లోపలికి పోతానేమోనని ఉన్నచోటే కూర్చున్నాడు. ఎంతసేపో తెలియదు. మరుసటి పొద్దున గొర్రెలు కాసే పిల్లలు గుంత దగ్గర సైకిల్ చూసి కేకేస్తే, ఆ కేక వచ్చిన దిక్కుకు పాకుతూ బయటికొచ్చాడు.

"ఇంటికొచ్చి రెండు దినాలు మాట్లాళ్లేదు. మూడో దినం ఇంగ పోను అన్న్యాడు. పోనంటే నువ్వు ఉండలేవు, నాకు తెలుసు అంటి. పోతే నేర్చుకోని పో, చెప్పి పో అంటి" అంది అత్త.

ఆ మార్చిలోనే నోటుబుక్కు మొదలైంది. బిడ్డ పుట్టాక ఉత్తరకాశీ ప్రయాణానికి డబ్బు సర్దింది కూడా అత్తే, కమ్మలు కుదువపెట్టి. చలికోటు కూడా అందులోంచే కొన్నారు. స్లైడ్లలో మామ వేసుకున్న ముదురు నీలం కోటు అదే. నేను రంగు సరిచేసిన కోటు.

బంధువులు అత్తను చూసి జాలిపడేవాళ్లు, ఇట్లాంటి మొగుడితో ఎట్లా వేగిందో అని. మామకు జాగ్రత్త పుట్టుకతో రాలేదు, ఒక చీకటి రాత్రి తర్వాత వచ్చింది. దాన్ని నిలబెట్టింది అత్త. ఆయన సాహసాలన్నిటికీ మొదటి ఎల్‌సీ ఇచ్చింది ఆమే.

ఇది పుస్తకంలో వేయొచ్చా అని అడిగాను. కాసేపు ఆలోచించింది. "ఎయ్యి. పిల్లోళ్లకు తెల్ల్యాల" అంది.

అక్టోబరు

వెనిగర్ పట్టిన రీళ్లలో అలలు లేచి, స్టాండు మీద చదునుగా నిలవనివి కొన్ని మిగిలాయి. రెండు గాజుపలకల మధ్య నొక్కితే ఫిల్ము గాజుకు అంటుకున్నచోట ఇంద్రధనుస్సు వలయాలు వస్తున్నాయి. పై గాజు స్థానంలో మెరుపు చంపిన గాజు పెట్టాక తగ్గాయి. రెండు రీళ్లు దక్కాయి, గండికోటవి. ఒకదానిలో పైపూత ఇప్పటికే ఊడి మడతలు పడింది. దాన్ని ఉన్నదున్నట్టే ఫొటో తీసి ఉంచాను, మడతలతో సహా.

ఇవాళ రెండో ప్రూఫు ప్రెస్సుకు పంపాను. ఇంటింటికీ ఒక కాపీ, బెలుం రైతుకు ఒకటి, మామ చదివిన హైస్కూలు లైబ్రరీకి ఒకటి. నోటుబుక్కుల అసలు ప్రతులు అత్త దగ్గరే ఉంటాయి. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, అటక మీద కాకుండా బీరువాలో పెట్టించాను. నెగెటివ్‌లు నా దగ్గర.

కొత్త పేజీని బావి మోకు ఫొటోలకూ మొదటి ఎల్‌సీ నమోదుకూ మధ్య చేర్చాను. దానికి ఫొటో లేదు, ఏదో ఒకటి తెచ్చి నింపలేదు. అత్త మాటలు ఆమె చెప్పిన యాసలోనే వేశాను. కింద ఆమె పేరు, తేదీ: 1985 ఫిబ్రవరి.